యుక్తాహారం – విస్తరిలో పాళ్లు



గడచిన కార్తికమాసంలో ఒక సోమవారం సాయంకాలం, దీపారాధన ముగిసి ప్రసాద వితరణ జరుగుతున్నది. పాశమైలారం పారిశ్రామికవాడలో పనిచేసే ఒక యువకుడు తల్లితో కలిసి వరుసలో నిలబడి ఉన్నాడు. వయస్సు ముప్పైకి అటూ ఇటూ ఉంటుంది. దొన్నెలో చక్కెరపొంగలి పెట్టి అందించబోతే చేయి వెనుకకు తీసుకున్నాడు. "దేవుని ప్రసాదం వద్దంటవారా?" అని తల్లి అందరి ముందూ గద్దించింది. అతడు తలవంచుకొని దొన్నె అందుకున్నాడు కాని, తినలేదు. కాసేపటికి నేను కూర్చున్న స్తంభం దగ్గరకు వచ్చి నెమ్మదిగా అడిగాడు: "అయ్యగారూ, పోయిన నెలల నాకు షుగర్ ఉందని తేలింది. ప్రసాదం వద్దంటే పాపం తగులుతదా?"

"ఒక్క మెతుకు కళ్లకద్దుకొని నోట వేసుకో నాయనా. తక్కినది పక్కవారికి పంచు. పాపం లేదు సరికదా, పంచిన పుణ్యం కూడా నీదే" అని చెప్పి పంపించాను. జవాబు సరియైనదే. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ వ్యాధి నాకూ ఉన్నది. ఒక్క మెతుకుతో సరిపెట్టుకోవాలని అతనికి చెప్పిన నేను, అదే మాట నా విస్తరి విషయంలో తెలుసుకోవడానికి చాలా కాలం పట్టింది. ఆ కథా, దాని వెనుక ఉన్న శాస్త్రమూ ఈ నెల పాఠంగా మనవి చేస్తాను.

ప్రసాదానికి పరిమాణం లేదు

ముందుగా ధర్మసందేహం తీర్చుకుందాం. తీర్థం ఎంత పుచ్చుకుంటాము? ఉద్ధరిణెడు. చెంబెడు తాగితే చెంబెడు పుణ్యమని ఎవరూ అనరు. తులసిదళం ఒక్కటి చాలు. ప్రసాదమంటే అనుగ్రహం, అది స్వీకరించడంలో ఉన్నది కాని, కడుపు నింపుకోవడంలో లేదు. కడుపు నింపేది అన్నదానం. ఈ రెంటినీ మనం కలగాపులగం చేసుకున్నాము. కనుక మధుమేహం ఉన్న బిడ్డ మెతుకంత తీసుకుంటే తల్లిదండ్రులు నొచ్చుకోరాదు. వడ్డించేవారు కూడా "ఇంకొంచెం, ఇంకొంచెం" అని బలవంతం చేయరాదు.

జొన్నరొట్టె తిన్నా తగ్గని బరువు

నాకు డెబ్బై నాలుగేళ్లు. మూడేళ్ల క్రిందట నా బరువు 82 కిలోలు, ఎత్తు 165 సెంటీమీటర్లు. మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్షలో 7.4 వచ్చింది. 6.5 దాటితే మధుమేహమని వైద్యుల లెక్క. మాత్రలు వ్రాసిచ్చారు. అన్నం తగ్గించమన్నారు. అప్పుడు నాకు నా బాల్యపు జొన్నరొట్టె గుర్తుకు వచ్చింది. రాత్రిపూట అన్నం పూర్తిగా మాని రొట్టెలు మొదలుపెట్టాను. కనిపించిన ప్రతివారికీ జొన్నల మహిమ ఉపన్యసించాను.

మూడు నెలల తరువాత పరీక్ష చేయిస్తే 7.3. బరువు 82 కిలోలే. వైద్యురాలు కాగితం చూసి, "పంతులుగారూ, రాత్రికి ఎన్ని రొట్టెలు?" అని అడిగింది. నేను మౌనం వహించాను. "నాలుగమ్మా, నెయ్యి వేసి" అని మా సహధర్మచారిణి సెలవిచ్చింది.

ఇంటికి వచ్చిన తరువాత ఆవిడే పిండి తూచింది. రొట్టెకు 60 గ్రాముల చొప్పున నాలుగింటికి 240 గ్రాములు. అంతకు ముందు రాత్రిపూట నేను తినే అన్నానికి పట్టే బియ్యం 200 గ్రాములు. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన ఆహార పట్టికలు తెప్పించి చూశాను. 100 గ్రాముల తెల్లబియ్యంలో సుమారు 356 కిలోకేలరీల శక్తి ఉంటే, 100 గ్రాముల జొన్నలో 334. అనగా అన్నం మానిన రాత్రి నేను 712 కిలోకేలరీలకు బదులు 800 తింటూ వచ్చాను. ధాన్యం పేరు మారింది, పరిమాణం పెరిగింది. ఆ పైన నెయ్యి ఒకటి.

జొన్న గుణం లేనిదా అంటే, ఉన్నది. అవే పట్టికలలో పీచు తెల్లబియ్యంలో 2.8 గ్రాములు, జొన్నలో 10.2 గ్రాములు. మాంసకృత్తులు బియ్యంలో 8 గ్రాములకు కొంచెం తక్కువ, జొన్నలో 10 గ్రాములు. కాని ఆ గుణం మితం తప్పినవానిని కాపాడదు.

పటాన్‌చెరు చెప్పినది, మద్రాసు చెప్పినది

మన ఊరివారికి ఇక్రిశాట్ అంటే జాతీయ రహదారి పక్కన పెద్ద ప్రహరీగోడ. 1972లో నెలకొన్న ఆ అంతర్జాతీయ సంస్థ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ వంటి మెట్ట పంటలమీద పరిశోధన చేస్తున్నది. ఆ సంస్థ నాయకత్వంలో చిరుధాన్యాలకూ మధుమేహానికీ ఉన్న సంబంధాన్ని పరిశీలించి 2021లో ఒక వ్యాసం ప్రకటించారు. 11 దేశాలలో జరిగిన అధ్యయనాలను క్రోడీకరించిన ఆ వ్యాసం, చిరుధాన్యాలు తిన్న మధుమేహ రోగులలో పరగడుపు చక్కెర, భోజనానంతర చక్కెర 12 నుండి 15 శాతం వరకు తగ్గాయని చెప్పింది. తిన్న పదార్థం రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో తెలిపే గ్లైసిమిక్ సూచి చిరుధాన్యాలకు సగటున 52.7. ఇది తెల్లబియ్యం, మైదాలతో పోలిస్తే తక్కువ.

ఇక రెండవ మాట వినండి. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసులోని మధుమేహ పరిశోధనా సంస్థ కలిసి దేశమంతటా చేసిన సర్వే ఒకటి ఉన్నది. దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహ రోగులున్నారని 2023లో ఆ సర్వేయే చెప్పింది. 2025లో వారు మన భోజనం మీద మరొక వ్యాసం ప్రకటించారు. భారతీయులు తినే శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుండే వస్తున్నదని, మాంసకృత్తుల వాటా 12 శాతం దగ్గరే ఉన్నదని అందులో తేలింది. మొత్తం పిండిపదార్థం తగ్గించకుండా, తెల్లబియ్యం బదులు గోధుమపిండో చిరుధాన్యాల పిండో తిన్నంత మాత్రాన మధుమేహపు ముప్పు గాని, పొట్ట గాని తగ్గినట్లు కనిపించలేదు. మొత్తం శక్తిలో ఒక్క 5 శాతం మేర పిండిపదార్థం తగ్గించి, ఆ స్థానంలో పప్పులో, పాలూ పెరుగులో తీసుకుంటే ముప్పు తగ్గుతున్నట్లు కనిపించింది.

పైకి ఈ రెండు వాక్యాలకు విరోధం ఉన్నట్లు తోస్తుంది. మీమాంసాశాస్త్రం చదువుకున్నవాడు ఇటువంటి చోట ఒకదానిని తోసివేయడు, ఏకవాక్యతకు ప్రయత్నిస్తాడు. నాకు తోచిన సమన్వయం ఇది. మొదటి వాక్యం "ఏ ధాన్యం?" అన్న ప్రశ్నకు సమాధానం. రెండవది "ఎంత ధాన్యం, దేనితో?" అన్న ప్రశ్నకు సమాధానం. మొదటిది విని రెండవది వినకపోవడమే నేను చేసిన పొరపాటు.

దీని వెనుక ఉన్న కార్యకారణ సంబంధం కఠినమైనది కాదు. అన్నమైనా, రొట్టెయైనా, కడుపులో చక్కెరగా విడిపోయి రక్తంలో చేరుతుంది. దానిని కణాలలోనికి పంపేది ఇన్సులిన్. పూటపూటకూ పట్టనంత వస్తూ ఉంటే శరీరం మిగులును కొవ్వుగా మార్చి పొట్టలోను, కాలేయంలోను దాస్తుంది. అక్కడ కొవ్వు పేరుకొన్న కొద్దీ ఇన్సులిన్ మాట కణాలు వినవు. పీచు చక్కెర ప్రవాహాన్ని నెమ్మదింపజేస్తుంది. మాంసకృత్తులు త్వరగా తృప్తి కలిగించి కండను నిలుపుతాయి. కనుక ఒక్క ధాన్యాన్ని నిందించి లాభం లేదు, విస్తరి మొత్తాన్ని చూడాలి.

చరకుని పట్టికలో ధాన్యం ఒంటరిగా లేదు

ఇది కొత్త మాట అనుకోకండి. చరకసంహిత సూత్రస్థానంలో ఇరవై ఒకటవ అధ్యాయం అతిస్థౌల్యాన్ని, అతికార్శ్యాన్ని విచారిస్తుంది. స్థౌల్యానికి అతిభోజనం, తీపి, జిడ్డు పదార్థాలు, వ్యాయామం లేకపోవడం, పగటినిద్ర కారణాలని చెబుతూనే, బీజస్వభావాన్ని కూడా చేర్చాడు ఆచార్యుడు. వంశపారంపర్యం అని నేడు వైద్యులు చెప్పేది అదే. కనుక లావుగా ఉన్నవారిని తిండిపోతులని ఎగతాళి చేయడం శాస్త్రసమ్మతం కాదు.

స్థూలకాయులకు ఆయన చెప్పిన ఆహార సూత్రం సూక్ష్మమైనది: ఆహారం అరగడానికి బరువుగా ఉండాలి, ఒంటికి పుష్టి పెంచేది కాకూడదు. మెల్లగా అరుగుతూ ఆకలిని ఆపాలి కాని కొవ్వు కావద్దు. ఆ సందర్భంలో ఆయన పేర్కొన్న వాటిలో ప్రియంగువు అనే కొర్ర, శ్యామాకము, యవలు, జొన్నగా పెద్దలు గుర్తించిన జూర్ణాహ్వము, కోద్రవమనే అరికె ఉన్నాయి. ఇంతవరకు చదివి చాలామంది పుస్తకం మూసివేస్తారు. నేనూ అంతే చేశాను. కాని అదే వరుసలో పెసలు, ఉలవలు, కందులు ఉన్నాయి. పటోలము, ఉసిరిక ఉన్నాయి. ధాన్యంతోపాటే పప్పు, కాయ. ఏభై ఏళ్లు ఈ గ్రంథాన్ని చదివి, నాకు కావలసినంతే చదువుకున్నాను.

మన నేల నేర్పిన పాఠం

సంగారెడ్డి నుండి జహీరాబాద్ వైపు వెళ్లి మెట్ట చేలను చూడండి. జొన్న ఒక్కటే వేసే అలవాటు ఇక్కడి పాత రైతుకు లేదు. జొన్న సాళ్ల నడుమ కంది సాలు, దానితో పెసర, అనుము, నువ్వు, కొర్ర. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుండి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఈ పద్ధతిని నిలబెట్టాయి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారిని ఈక్వేటర్ పురస్కారంతో గౌరవించింది. ఏటా సంక్రాంతి వేళ ఎడ్లబండ్లమీద విత్తనాలు అలంకరించి ఊరూరా పాత పంటల జాతర చేస్తారు. చేనులో నాటకుండానే మొలిచే తుమ్మికూర, గునుగుకూర కూడా వారి వంటలో ఉంటాయి. చేను ఎట్లా ఉన్నదో పళ్లెం అట్లా ఉండేది: ఒక రొట్టె, పక్కన పప్పు, ఆకుకూర, పచ్చిపులుసు.

ఆ పళ్లెం ఎందుకు మారింది? 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. దానిని నిందించే అర్హత మనకు లేదు. ఆకలి చూసినవారికి ఆ బియ్యం విలువ తెలుసు. అన్నం పండుగనాటి భోజనంగా ఉన్న ఇళ్లలో నిత్యభోజనమైంది. అటు తరువాత చేలు కర్మాగారాలైనాయి. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, ఇస్నాపూర్‌లలో పనిచేసే బిడ్డలు మూడు షిఫ్టులలో తింటున్నారు. నాగలి పట్టిన తాత తిన్నంత అన్నం, యంత్రం ముందు నిలబడిన మనుమడు రాత్రి రెండు గంటలకు తింటున్నాడు. పప్పు పలుచనైంది, కూర చెంచాడైంది, అన్నం మాత్రం కొండ.

విస్తరిని ఎట్లా దిద్దుకోవాలి?

జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధిని పరిశోధించే చిన్న విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. పాలిష్ పట్టిన బియ్యాన్నే నమ్ముకొన్నవారిలో కనిపించే వ్యాధి బెరిబెరి. ఆ సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకాలలో, రోజుకు 2000 కిలోకేలరీలు అవసరమైనవారికి చెప్పిన పాళ్లు ఇవి: ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు, పల్లీలూ నువ్వులూ వంటివి 35 గ్రాములు, నూనె నెయ్యి కలిపి 27 గ్రాములు. ధాన్యం నుండి వచ్చే శక్తి 45 శాతం మించరాదు. బరువు తగ్గవలసినవారు తమ వయస్సునూ శ్రమనూ బట్టి ఇంకా తగ్గించుకోవలసి ఉంటుంది.

వైద్యురాలి సలహాతో మా ఇంట దీనిని ఇట్లా ఆచరించాము. విస్తరిలో సగం కూరకు: ఆనపకాయ, బీర, చిక్కుడు, పాలకూర, పుంటికూర, ఏదైనా సరే, వేపుడు కాకుండా. మిగిలిన సగంలో ఒక పాలు గట్టి పప్పు గాని, ఉడికించిన పెసలు, శనగలు గాని. ఇంకొక పాలు అన్నం, లేదా ఒక్క రొట్టె. చివర మజ్జిగ. కూరా పప్పూ ముందు తిని అన్నం తరువాత తింటాను. అట్లా తింటే భోజనానంతర చక్కెర తక్కువగా పెరుగుతుందని పరిశోధనలు చూపాయి. పది రోజులు ఆకలి వేసింది. తరువాత అలవాటైంది. సాయంకాలం అరగంట నడక చేర్చాను. ఎనిమిది నెలలకు బరువు 74 కిలోలు, హెచ్‌బిఎ1సి 6.4. ఒక మాత్ర తగ్గింది. తగ్గించినది వైద్యురాలు, నేను కాదు.

ఇంతకంటే తక్కువ తగ్గినా ప్రయోజనం ఉన్నది. అమెరికాలో 2002లో ప్రకటించిన ఒక పెద్ద అధ్యయనంలో, మధుమేహం అంచున ఉన్నవారికి బరువులో 7 శాతం తగ్గాలని, వారానికి 150 నిమిషాల వ్యాయామం చేయాలని లక్ష్యం పెట్టారు. వారిలో మధుమేహం వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. మనవారికి నడుము కొలత కూడా ముఖ్యం: పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే పరీక్ష చేయించుకోవలసిందే.

ఉపవాసం పేరిట

ఏకాదశినాడు అన్నం మాని, సగ్గుబియ్యం కిచిడీ, వేయించిన ఆలుగడ్డ, పంచదార వేసిన పాలు తీసుకొంటే అది ఉపవాసమా? ఆ రోజు పిండిపదార్థం మామూలు రోజుకంటే ఎక్కువే కడుపులో పడుతుంది. ఫలాలు, పాలు, మజ్జిగ, గుప్పెడు పల్లీలు చాలు.

మధుమేహానికి మాత్రలో, ఇన్సులినో వాడేవారు మాత్రం వైద్యుని అడగకుండా ఉపవాసం ఉండరాదు, అన్నం ఒక్కసారిగా తగ్గించరాదు. మందు అంతే వేసుకొని భోజనం తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు పప్పు పెంచే ముందు తప్పక వైద్యుని అడగాలి. గర్భిణులకు, ఎదిగే పిల్లలకు, బక్కచిక్కినవారికి ఈ తగ్గింపు వర్తించదు. రోగులకు, బాలింతలకు, వృద్ధులకు వ్రతాలలో సడలింపు ధర్మశాస్త్రమే ఇచ్చింది. ఆ సడలింపును వాడుకోవడం భక్తిలోపం కాదు.

దాతలకు ఒక మనవి

ఆ యువకుడు కార్తిక సోమవారమని పగలంతా ఏమీ తినకుండా, ఉదయం మాత్ర మాత్రం వేసుకొని వచ్చాడని అతని తల్లి తరువాత చెప్పింది. ఆ సంగతి ముందే తెలిసి ఉంటే, ఒక్క మెతుకని చెప్పి పంపేవాడిని కాను. చెయ్యి పట్టుకొని అన్నదాన సత్రానికి తీసుకొనిపోయి, నిండుగా భోజనం పెట్టించి ఉండేవాడిని. అయితే ఆ రోజు సత్రంలో అతనికి దొరికేది ఏమిటి? కొండంత అన్నం, పలుచని సాంబారు, ఒక తీపి. లోపం వంటవారిది కాదు. దాతలు బియ్యం బస్తాలు ఇస్తారు, చక్కెర ఇస్తారు, నెయ్యి డబ్బాలు ఇస్తారు. అందుకు వారికి ఋణపడి ఉన్నాము. కందిపప్పు ఇచ్చేవారు కొద్దిమంది. కూరగాయలు ఇచ్చేవారు ఇంకా తక్కువ.

నిర్వాహకులతో మాట్లాడాను. పెళ్లిరోజుకో, పితృదినానికో అన్నదానం వ్రాయించుకొనేవారు బియ్యంలో కొంత భాగానికి బదులు కందిపప్పు, పెసలు, శనగలు, ఆ రోజుకు కావలసిన కూరగాయలు ఇవ్వవచ్చునని వారు అంగీకరించారు. జహీరాబాద్ వైపు రైతులు జొన్నలు, కొర్రలు ఇచ్చినా స్వీకరిస్తారు. అడిగినవారికి అన్నం అడిగినంతే పెట్టి, పప్పూ కూరా రెండవసారి వడ్డించే పద్ధతి వచ్చే మాసం నుండి మొదలవుతుంది.

అన్నదానమంటే అన్నం ఒక్కటే దానం చేయడం కాదు. వచ్చినవాని ప్రాణానికి హితమైనది పెట్టడం. ఆ బిడ్డ మళ్లీ వచ్చినప్పుడు వాని ముందు విస్తరి వేసి, కడుపునిండా తిను నాయనా అని నిర్భయంగా అనగలగాలి. ఆ మాట అనగలిగే విస్తరిని మనమందరం కలిసి సిద్ధం చేద్దాం.

శుభం భూయాత్.